ఉలవ కండ

అమ్మ తొడ చుట్టుకొలత ఈ వారం కూడా పెరగలేదు. వకుళ టేపు తీసేసి, మళ్ళీ చుట్టి, కళ్ళు చిట్లించి చూసింది. అదే అంకె. తనని చూసి వెక్కిరిస్తున్నట్టుంది.

"కొలిచిన కొద్దీ పెరగడానికి అదేమన్నా దొండపాదా?" అంది మంచం మీద కూర్చున్న కాత్యాయని టీచరు. "మా టైలరు మస్తాను కూడా ఇంత సతాయించడు."

"మిగతా వాలంటీర్లందరికీ పెరిగిందమ్మా! ఒక్క నీకే ఎందుకు పెరగట్లేదు? పొడి సరిగ్గా తింటున్నావా లేదా?"

"తింటున్నాను."

"పొద్దున ఒక ప్యాకెట్టు, సాయంత్రం ఒక ప్యాకెట్టు?"

"అడిగిందే మళ్ళీ అడిగిన పిల్లల్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించినదాన్ని నేను. నీ అదృష్టం, విజిల్ ఏలూరులో ఉండిపోయింది."

వకుళ టేపు చుట్టి పక్కన పెట్టింది. ఆడపిల్లల హైస్కూల్లో జీవితమంతా డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషితో వాదించి గెలిచినవాళ్ళు వాళ్ళ వంశంలోనే లేరు.

పోయిన వానాకాలం, ఇదే విజయవాడ ఫ్లాటులో, బాత్రూములో కాలు జారి అమ్మ తుంటి విరిగింది. రాడ్డు వేశారు. ఎముక బుద్ధిగా అతుక్కుంది. కానీ అది అతుక్కునేలోపు మంచం మీద పడి ఉన్న కాళ్ళలోంచి కండ మొత్తం కరిగిపోయింది. ఈ వయసులో పోయిన కండ తిరిగి రావాలంటే వ్యాయామం చెయ్యాలన్నారు డాక్టర్లు. వ్యాయామం చెయ్యాలంటే నిలబడాలి. నిలబడాలంటే కండ ఉండాలి. ఈ గుండ్రటి లెక్క విన్నప్పుడల్లా వకుళకి ఎవరినైనా పట్టుకుని రక్కెయ్యాలనిపించేది. రోజూ పొద్దున్నే అమ్మ చంకల కింద చేతులు పెట్టి లేపి, బాత్రూము దాకా నడిపించి, లోపల కూర్చోబెట్టి, తలుపు ఓరగా వేసి బయట నిలబడేది. ఆ తలుపు అలా ఓరగా ఉండటమే కాత్యాయని టీచరుకి అన్నిటికన్నా పెద్ద అవమానం. లోపలినుంచి కుళాయి తిప్పిన చప్పుడు తప్ప మాట వినపడేది కాదు.

ఇంకా ఒళ్ళు మండే సంగతేంటంటే, కండ పెంచడమే వకుళ ఉద్యోగం!

గన్నవరం దారిలో ఉన్న హరితబల ఫుడ్స్ అనే చిన్న కంపెనీలో ఆమె ఫుడ్ సైంటిస్టు. అన్ని కంపెనీలూ బఠాణీ, సోయా గింజల్నే పిండి చేసి, జిమ్ముకెళ్ళేవాళ్ళ కోసం ప్రోటీన్ పొడిగా డబ్బాల్లో నింపుతుంటే, ఆమె ఒకరోజు ఓనరు చక్రధర్ బల్ల మీద ఉలవ మొక్క ఉన్న కుండీ పెట్టి, దాని మీద అట్టపెట్టె బోర్లించింది. ఆయన టీ తాగి, ఫోన్ మాట్లాడి, ఇంకో ఫోన్ మాట్లాడాక పెట్టె తీసింది. ఆకులన్నీ మూసిన గొడుగుల్లా వేలాడుతున్నాయి. టేబుల్ లైటు వేసింది. ఆయన ఇంకో ఫోన్ ముగించేసరికి ఒక్కో ఆకూ మెల్లగా లేచి చాపలా పరుచుకుంది.

"చూశారా సార్? ఎముక లేదు, కండ లేదు. చెయ్యెత్తింది!"

ఆకు కాడ మొదట్లో ఆవగింజంత ముడి ఉంటుంది. అక్కడికి నీళ్ళు ఎక్కితే ఆకు లేస్తుంది, దిగితే వాలుతుంది. మొక్కకి అదే కండ. "గింజ అంటే బలం దాచుకునే చోటు సార్. బలం వాడేది ఇక్కడ. మనం ఇక్కణ్ణుంచి తీసుకుందాం." ఆ ముడిలోని ప్రోటీన్‌ని ఈస్టులో పెంచి, ఉలవపిండిలో కలిపి ఎలుకలకి పెట్టారు. కాళ్ళు చచ్చుబడి మూల పడి ఉన్న ముసలి ఎలుకలు వారం తిరక్కుండా పంజరం తీగలు పట్టుకుని పైకి పాకాయి. చక్రధర్ స్వీట్లు పంచాడు. తర్వాత పెద్దవాళ్ళ మీద ట్రయల్. రూలు ప్రకారం సంతకాలు పెట్టి చేరిన వాలంటీర్లలో కాత్యాయని టీచరు కూడా ఉంది.

అందరికీ పనిచేసి, కన్నతల్లికి పనిచెయ్యకపోతే మనిషికి ఎలా ఉంటుంది? వకుళ ట్రయల్ డాక్టరు వెంటపడి, ఒప్పించి, అమ్మ మోతాదు రెండింతలు చేయించింది.

అలా చేయించిన మర్నాడే లిఫ్టు పాడైంది. మెట్లెక్కుతున్న వకుళకి తన ముందే, పై ఫ్లాటు రత్నమాణిక్యంగారు నిండు గ్యాస్ సిలిండరు భుజం మీద పెట్టుకుని, పాట పాడుకుంటూ వెళుతూ కనిపించింది. రత్నమాణిక్యంగారికి ఇద్దరు మనవలున్నారు. మొన్నమొన్నటి దాకా కూరల సంచీ మోస్తేనే మోకాళ్ళ మీద చేతులు వేసుకుని ఆగి ఆగి ఎక్కేది.

"ఆంటీ! ఏంటది? దింపండి! నడుం పట్టేస్తుంది!"

"పట్టదమ్మా. గ్యాసబ్బాయి కిందే పెట్టి పోతానన్నాడు. పోరా, నీ సాయం ఎవడిక్కావాలి అన్నాను." ఆవిడ సిలిండరుని ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుంది. "అంతా మీ అమ్మగారి సున్నుండల మహత్యం!"

"ఏ సున్నుండలు?"

రత్నమాణిక్యంగారి నవ్వు మెల్లగా ఆరిపోయింది. "చెప్పొద్దన్నారు కదూ..." అనుకుంటూ గబగబా మెట్లెక్కేసింది, సిలిండరుతో సహా.

వకుళ ఇంట్లోకి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు. "అమ్మా! ట్రయల్ పొడితో సున్నుండలు చుట్టావా?"

"మంచం మీదే కూర్చుని కాస్త బెల్లం, నెయ్యి కలిపాను. ఉత్తి పొడి గొంతు దిగదే, మట్టి తిన్నట్టుంటుంది."

"చుట్టి, అపార్టుమెంటంతా పంచావా?"

"అంతా ఎందుకు పంచుతాను? సాయంత్రం నాకు కాలక్షేపానికి వచ్చే నలుగురే."

"అది మందులాంటిదమ్మా! నీ పేరు మీద ఇచ్చింది! నీ తొడలకి!"

"ఎదురుగా మనుషుల్ని కూర్చోబెట్టుకుని నేనొక్కదాన్నే బొక్కుతూ కూర్చోనా? అలాగేనా నేను నిన్ను పెంచింది? వాళ్ళు మాత్రం ఊరికే తిన్నారా? రత్నమాణిక్యం పంపిన గిన్నెలో గోంగూర పచ్చడి నువ్వు లొట్టలేసుకుని తినలేదూ? ఆ గిన్నె ఖాళీగా ఎలా పంపమంటావ్?"

వకుళ సోఫాలో కూలబడింది. ట్రయల్ లెక్కలు, డాక్టర్ల సంతకాలు, తను నిద్ర మానుకుని గీసిన గ్రాఫులు... అన్నీ గోంగూర పచ్చడి గిన్నె దగ్గర ఆగిపోయాయి. అమ్మకి కండ ఎందుకు పెరగలేదో ఇప్పుడర్థమైంది. అమ్మ కండ అంతా పై ఫ్లాటుల్లో పెరిగింది!

పంపకం ఆపమని ఎంత మొత్తుకున్నా ఆ ఇంట్లో ఆగేది కాదు గానీ, వాళ్ళే ఆపేశారు. ఎదురుగా పెళ్ళిళ్ళ సీజను. ఒక్కళ్ళకీ జాకెట్టు చేతులు పట్టలేదు, గాజులు మణికట్టు దాటలేదు. టైలరు మస్తాను కుట్లన్నీ విప్పినా చాలక చేతులెత్తేశాడు. రత్నమాణిక్యంగారు పట్టుచీర మీదకి మనవడి స్పోర్ట్స్ బనీను వేసుకోవాల్సిన పరిస్థితి వచ్చాక, అందరూ సున్నుండలకి దణ్ణం పెట్టేశారు.

దాంతో రెండింతలు చేసిన పొడి మొత్తం, మొదటిసారిగా, కాత్యాయని టీచరు ఒక్కతే తినడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున వకుళ లేచేసరికి పక్క మంచం ఖాళీ. బాత్రూము వైపు పరిగెత్తింది. బాత్రూము తలుపు మూసి ఉంది. తోసింది. రాలేదు. లోపలినుంచి గొళ్ళెం పెట్టి ఉంది.

"అమ్మా?"

"స్నానం చేస్తున్నాను. బయట కాపలా ఎందుకు, వెళ్ళి కాఫీ పెట్టుకో," అంది అమ్మ గొంతు. ఎన్ని నెలలైంది ఆ దర్పం విని! వకుళ ఆ మూసిన తలుపుకి నుదురు ఆనించి, చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ తర్వాత కాత్యాయని టీచరు ఆగలేదు. మేడ మీద వడియాలు పెట్టింది. వాచ్‌మన్ చేత బస్కీలు తీయించింది. కొలతల టేపు ఇప్పుడు తొడ చుట్టూ తిరగడానికే ఆయాసపడుతోంది. కొత్తగా ఒక్కటే గొడవ. రాత్రిళ్ళు గదిలో లైటు ఆపనివ్వట్లేదు.

"కళ్ళల్లో పొడుస్తోందమ్మా!"

"నీ కళ్ళ మీద దుప్పటి కప్పుకో."

"కరెంటు బిల్లు వచ్చినప్పుడు నువ్వు కడతావా?"

"కడతాను. పెన్షను ఎందుకొస్తోంది మరి?"

ఇంక ఈవిడతో వాదించలేననుకుని వకుళ దుప్పటి ముసుగేసుకునేది. నాలుగు డిగ్రీలు చదివిన బుర్రకి ఆ లైటు ఎందుకో తట్టలేదు.

మే నెలాఖరున ఒక సాయంత్రం ఆకాశం నల్లబడి గాలిదుమారం లేచింది. వడియాలు ఎగిరిపోతాయని అమ్మ మేడ మీదకి పరిగెత్తింది. నిజంగానే పరిగెత్తింది. వకుళ కిటికీలు మూస్తుండగా అపార్టుమెంటు మొత్తం కరెంటు పోయింది. ఒక్కసారిగా మెట్ల దారి చీకటి గుయ్యారమైంది. పైనుంచి దొర్లిన చప్పుడు. పళ్ళెం గలగల.

వకుళ తడుముకుంటూ ఎక్కింది. ఫోను లైటు వేసేసరికి, మెట్ల మలుపులో గోడకి జారబడి అమ్మ. తల ఛాతీ మీదకి వాలిపోయింది. చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి. చుట్టూ సగ్గుబియ్యం వడియాలు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ పెదవి కదలట్లేదు. ఊపిరి ఎక్కడో పైపైన, గొంతులో మాత్రమే ఆడుతోంది.

"అమ్మా! అమ్మా! ఆంటీ, ఎవరైనా రండి!"

వకుళ చేతిలోని ఫోను లైటు అమ్మ మొహం మీదే ఉండిపోయింది. కాసేపటికి అమ్మ వేళ్ళు విచ్చుకున్నాయి. తర్వాత మోచెయ్యి లేచింది. తర్వాత మెడ మెల్లగా, నిటారుగా పైకి లేచింది. ఛాతీ నిండి ఒక పెద్ద ఊపిరి లోపలికి పోయింది.

ఈ లేవడం వకుళ ఇంతకుముందు చూసింది. చక్రధర్ బల్ల మీద. అట్టపెట్టె మూసిందీ తనే, తీసిందీ తనే, చూశారా సార్ అని మురిసిపోయిందీ తనే!

"ముడుచుకుపోయావమ్మా," అంది. "చీకటి పడేసరికి ఆకులా..."

"తెలుసే," అంది కాత్యాయని టీచరు వడియాలు ఏరుకుంటూ. "లైటు వేస్తే సర్దుకుంటుంది."

"తెలుసా? ఎప్పట్నుంచి? ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పొడి ఆపేస్తావుగా!"

ట్రయల్ డాక్టరు మర్నాడు పరీక్షలన్నీ చేశాడు. కాళ్ళలో మొదలైన ఉలవ కండ ఇప్పుడు ఊపిరి తీసే కండల్లోకి కూడా అల్లుకుంటోంది. గుండెకి ఇంకా పాకలేదు. పొడి ఆపితే కొత్త కండ వాడిపోతుంది, ఆపకపోతే ఏదో ఒక చీకట్లో ఊపిరి తిరిగి రాదు అన్నాడు. వాలంటీర్లందరికీ ఆ రోజే ఫోన్లు వెళ్ళాయి. ఎక్కువ మోతాదు తిన్నది ఒక్క కాత్యాయని టీచరే కావడంతో మిగతావాళ్ళకి, సున్నుండలు తిన్నవాళ్ళతో సహా, చీకట్లో కాళ్ళు బరువెక్కడం తప్ప ఏమీ కాలేదు.

అంతా విని అమ్మ అన్న మాట: "ఇన్వర్టరు కొను."

"అమ్మా!"

"పెద్దది కొను. పక్కన టార్చి పెట్టుకుంటాను, రెండు పెట్టుకుంటాను."

"బ్యాటరీ అయిపోతే? నువ్వు నిద్రలో ఉండగా బల్బు మాడిపోతే? లిఫ్టులో ఇరుక్కుంటే? ఎన్నని చూసుకోనమ్మా నేను?"

"నిన్నెవరు చూసుకోమన్నారు? నేను చూసుకుంటాను. నువ్వు నన్ను మళ్ళీ బియ్యం బస్తాలా ఎత్తడం ఒక్కటీ నేను చూడలేను. పిల్లల్ని పడితే లేపినదాన్నే గానీ, లేపించుకునేదాన్ని కాదు."

మర్నాడే వకుళ ఇంట్లో ఉన్న పొడి ప్యాకెట్లన్నీ ల్యాబుకి పట్టుకుపోయింది. మూడో రోజు ల్యాబులో పని చేసుకుంటున్న వకుళకి కారిడార్లోంచి ఎరిగిన గొంతు వినపడింది. బయటికొచ్చి చూస్తే, ఎండ నిండిన కిటికీ పక్కన అమ్మ! ఆటో ఎక్కి, తనంతట తను వచ్చేసింది. పక్కనే చక్రధర్, మొహం వెలిగిపోతూ.

"మీ అమ్మగారు పొడి కావాలంటున్నారండీ! సొంత పూచీ మీద తింటారట. నడక చూశారా ఆవిడది? యాడ్‌లో ఈవిడ్నే పెడదాం."

"సార్, మీకు చెప్పాను కదా! చీకట్లో ఊపిరి ఆగిపోతుందని!"

"జిమ్ముల్లో లైట్లుంటాయి కదండీ. చీకట్లో బస్కీలు ఎవడు తీస్తాడు? పగటిపూట మాత్రమే అని డబ్బా మీద రాద్దాం. కావాలంటే తలకి పెట్టుకునే లైటు ఫ్రీగా ఇద్దాం! అసలు ఎలుకలకి అలాంటిదేం రాలేదే?"

ఎలుకలకి ఎందుకు రాలేదు? వకుళ కారిడార్ పక్కనే, చిన్న అద్దం కిటికీ ఉన్న ఎలుకల గది వైపు తిరిగింది. ఆ గదిలో లైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, కరెంటు పోయినా జనరేటరు మీద. లైట్లకీ ఫ్రీజరుకీ ఒకటే స్విచ్చు. కంపెనీ పెట్టిన కొత్తలో ఎవరో పొరపాటున ఆపితే ఫ్రీజరులో సరుకు పాడైందని, స్విచ్చు మీద ప్లాస్టరు వేసి 'ఆపవద్దు' అని రాశారు. ఎలక్ట్రీషియన్ని పిలిచి వైరు విడదీయించాలని అందరూ అనుకున్నారు. ఎవరూ పిలవలేదు. ఆ ఎలుకలు పుట్టి బుద్ధెరిగి చీకటి చూడలేదు.

వకుళకి ఏడుపూ నవ్వూ కాని కోపం ఒకటి నరాల్లోకి ఎక్కింది. గదిలోకి వెళ్ళి ప్లాస్టరు పీకేసింది.

"మేడమ్! ఫ్రీజరు!" అని టెక్నీషియన్ జిలానీ పరిగెత్తుకొచ్చాడు.

"పోనీ! అమ్మా, నువ్వు కదలకు, ఆ ఎండలోనే నిలబడి అద్దంలోంచి చూడు. సార్, మీరు కూడా."

స్విచ్చు నొక్కింది. గదిలో చీకటి. కారిడార్ వెలుతురు సోకిన అద్దం దగ్గరి పంజరం మాత్రం లీలగా కనిపిస్తోంది. తీగల మీద హుషారుగా పాకుతున్న ఎలుక ఆగింది. దాని కాళ్ళు ఒక్కొక్కటే తీగని వదిలేశాయి. మెత్తగా కిందపడింది. వెనక చీకట్లోంచి అలాంటి చప్పుళ్ళే, ఒకటి తర్వాత ఒకటి. కాత్యాయని టీచరు అద్దానికి మొహం ఆనించింది.

వకుళ వెంటనే లైటు వేసింది. మిగతావి మెల్లగా లేచాయి. అద్దం దగ్గరిది లేవలేదు. జిలానీ దాన్ని అరచేతిలోకి తీసుకుని, పొట్ట మీద వేలితో నొక్కి నొక్కి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క ఎలుకే కదండీ, ముసల్ది..." అంటూ చక్రధర్ గోడకి జారబడ్డాడు.

"ముందు నిటారుగా నిలబడి మాట్లాడవయ్యా," అంది కాత్యాయని టీచరు. ఆ గొంతుకి కారిడార్లో ఉన్నవాళ్ళందరూ సర్దుకుని నిలబడ్డారు, చక్రధర్‌తో సహా. "ముసల్దే. నాలాగే. దాన్ని అడక్కుండా తినిపించారు, నేను తెలిసి తింటున్నాను, అంతే తేడా. కుర్రాళ్ళు ఈ డబ్బా కొనుక్కుని, కండలు చూసుకుని మురిసి, ఏ సినిమాహాల్లోనో కూర్చుంటే? వాళ్ళమ్మలకి లైటు ఫ్రీగా ఇస్తావా?"

వకుళ ఆ సాయంత్రమే వెళ్ళి ట్రయల్ కమిటీ ముందు కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఉలవ పొడి అక్కడితో ఆగిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ డబ్బాలో మిగిలిన సున్నుండలు తనే తీసి వకుళ చేతిలో పెట్టింది. "పారెయ్. ఎవరికీ పెట్టకు," అంది.

తర్వాతి రోజులు చెప్పుకోడానికి బావుండవు. కండ ఎండలో కోసి పడేసిన తీగలా వాడిపోయింది. ఒక పొద్దున అమ్మ మంచం దిగలేకపోయింది. వకుళ మళ్ళీ చంకల కింద చేతులు పెట్టింది. తలుపు మళ్ళీ ఓరగా వేయాల్సొచ్చింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. గుడ్డు సరిగ్గా ఉడకలేదని, శనగల్లో ఉప్పు చాల్లేదని, టేపు చల్లగా ఉందని. కాలికి కందిపప్పు పొట్లం కట్టుకుని ఎత్తి దింపడం, కుర్చీ చేతులు పట్టుకుని కాస్త లేచి కూర్చోవడం, మళ్ళీ అదే, మళ్ళీ అదే. టేపు కదలదు. వకుళకి టేపు కిటికీలోంచి విసిరెయ్యాలనిపిస్తుంది. కాత్యాయని టీచరు మాత్రం తన కాళ్ళని వెనక బెంచీ పిల్లల్ని తిట్టినట్టు తిట్టేది: "ఏయ్ ఎడమా! పక్కదాన్ని చూసి నేర్చుకో! నీకు చెబుతున్నది వినపడుతోందా?"

శ్రావణ మాసంలో ఒక సాయంత్రం, వకుళ వంటింట్లో ఉండగా అమ్మ హాల్లోంచి కేకేసింది. వెళ్ళి చూస్తే, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ లేపకుండా.

"లైటు ఆపు," అంది.

"ఎందుకు? వద్దు. పొడి ఇంకా ఎంత మిగిలుందో ఒంట్లో..."

"అందుకే ఆపమంటున్నాను. ఇది నేను నిలబడుతున్నానో, అది నిలబెడుతోందో తెలియాలి నాకు."

"పడితే?"

"పడితే లేపుదువుగాని. ఆపు."

ఈ మనిషితో వేగడం తన వల్ల కాదనుకుంటూనే వకుళ స్విచ్చు నొక్కి, ఒక్క అంగలో వెనక్కొచ్చి, అమ్మ చంకల కిందకి చేతులు చాచింది, తగిలీ తగలకుండా. బయట కూడా చీకటి పడిపోయింది. అమ్మ ఊపిరి వినపడుతోంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, నిండుగా. కాసేపటికి ఊచ మీంచి ఒక చెయ్యి జారిన చప్పుడు. తర్వాత రెండోది. చీర కుచ్చిళ్ళు రెపరెపా కొట్టుకుంటున్నాయి.

"అమ్మా, కాళ్ళు వణుకుతున్నాయి. చాలు, కూర్చో."

"ఆ పొడి తిన్నన్నాళ్ళూ ఒక్కసారైనా వణికాయా?"

వకుళ ఆలోచించింది. "లేదు."

"మరి? ఇవి నావి." ఆయాసంలో కూడా ఆ గొంతులో దర్పం తగ్గలేదు. "నువ్వు చేతులు తియ్యి. వేడి మీదకి కొడుతోంది."

వకుళ చేతులు తీసి, వెనక్కి కట్టుకుంది. ఆ చేతులు ముందుకి రాకుండా ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకోవాల్సొచ్చింది.